తలుపులతో సహా పోయిన కోట

శత్రువు లోపలికి రాకూడదని కోట కడతారని చిన్నప్పుడు చదువుకున్నాం. స్కాట్లాండ్‌లో లాక్ నెస్ సరస్సు ఒడ్డున ఉన్న అర్కర్ట్ కోట చరిత్ర చదివాక నేను ఆ అభిప్రాయం మార్చుకున్నాను. ఊరి సామానంతా ఒకచోట పేర్చి, చుట్టూ గోడ కట్టి, దొంగలకు వెతుక్కునే శ్రమ తప్పించే ఏర్పాటునే కోట అంటారు.

మొదట్లో వచ్చినవాళ్ళు మర్యాదస్తులు. 1296లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ మనుషులు పట్టుకున్నారు. తర్వాత స్కాట్లు, 1303లో మళ్ళీ ఇంగ్లిషువాళ్ళు, కొన్నేళ్ళకు స్కాట్‌ల రాజు రాబర్ట్ బ్రూస్. వీళ్ళందరికీ కావలసింది కోట. పడమటి దీవుల మెక్‌డొనాల్డ్ వంశంవాళ్ళు వచ్చాక గాని కోటలో సామాను కూడా ఉంటుందన్న సంగతి బయటపడలేదు.

వాళ్ళ బెడద తీర్చడానికి స్కాట్లాండ్ రాజు నాలుగో జేమ్స్ 1509లో కోటను గ్రాంట్ వంశానికి రాసిచ్చాడు. ఊరికే కాదు, షరతులతో. రాయీ సున్నంతో బురుజు కట్టాలి. హాలు, వంటిల్లు, రొట్టెలు కాల్చే గది, బీరు తయారుచేసే గది, ఎడ్ల కొట్టం ఉండాలి. పావురాల గూడు, పండ్లతోట కూడా మరిచిపోకూడదు. బురుజు దొంగల్ని ఆపడానికేనని కూడా మహారాజు రాయించాడు; ఆ సంగతి దొంగలకు చెప్పడం మాత్రం మరిచాడు.

గ్రాంట్‌లు పాపం కష్టపడి అన్నీ సమకూర్చారు. 1545లో మెక్‌డొనాల్డ్‌లు, కామెరాన్ వంశంవాళ్ళు కలిసి వచ్చి అన్నీ పట్టుకుపోయారు. చరిత్రకారులు దీన్ని ‘మహా దోపిడీ’ అంటారు. నాకైతే కొత్త కాపురం సామాను తరలించినట్టుంది. లోయలో రెండు వేలకు పైగా పశువులు సరే, కోటలోంచి పోయినవి చూడండి: ఈకల పరుపులు 12, వాటి తలదిండ్లు, కంబళ్ళు, దుప్పట్లు. కుండలు, పెనాలు. 300 పౌండ్ల డబ్బున్న పెట్టె. ఫిరంగులు. చివరికి తలుపులు, కోట గేట్లు! ఇన్ని దేనిమీద తీసుకువెళ్ళాలన్న చింత కూడా లేకుండా, ఒడ్డున ఉన్న 3 పెద్ద పడవలు సైతం గ్రాంట్‌లవే. గేటు ఉన్నదే దొంగను ఆపడానికి; దాన్నే భుజాన వేసుకుని నడిచిపోతున్న దొంగను ఇక ఏది ఆపుతుంది?

దోచుకోవడానికి శత్రువులే రానక్కరలేదని 1644లో తేలింది. కావనెంటర్లు అనే మతనిష్ఠాపరులు వచ్చి, లోపలున్న లేడీ మేరీ గ్రాంట్ వేరే పద్ధతిలో దేవుణ్ణి కొలుస్తున్నదని కనిపెట్టి, ఉన్నది ఊడ్చుకుని ఆవిడను బయటకు గెంటారు. మూడేళ్ళకు సామాను లెక్క రాయబోతే కోట దాదాపు ఖాళీ. ఆ లెక్క రాసిన గుమాస్తాకు అంత తేలికైన పని జన్మలో దొరికి ఉండదు.

ఆ తర్వాత 1689 గొడవల్లో 500 మంది యాకోబైట్లు (గద్దె దించబడ్డ రాజు జేమ్స్ పక్షంవాళ్ళు) ముట్టడించినా లోపలి దండు లొంగలేదు. కోట జీవితంలో ఇదొక అసలైన విజయం. అందుకు బహుమానంగా, 1692లో ఖాళీ చేసి వెళుతూ ఆ సొంత సైనికులే సింహద్వారం పేల్చేశారు. శత్రువులకు పనికిరాకూడదట! గ్రాంట్ మొరపెట్టుకుంటే పార్లమెంటు 2,000 పౌండ్ల పరిహారం ఇవ్వమన్నది. మరమ్మతు మాత్రం ఒక్క రాయికీ జరగలేదు. నష్టపరిహారం ఉత్తర్వులతో పరిచయమున్న తెలుగువాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు.

ఆపైన చుట్టుపక్కల జనం రాళ్ళు మోసుకుపోయారు. 1715లో గాలివాన తన వంతుకు బురుజులో ఒక మూల కూల్చింది. ఇక దొంగిలించడానికి ఏమీ లేదని అందరికీ రూఢి అయ్యాక, 1913లో ప్రభుత్వం దాన్ని సంరక్షణలోకి తీసుకుంది.

అప్పటినుంచి కోటకు పట్టిన దశ చూడాలి. పరుపులు, పశువులు, గేట్లు ఉన్న రోజుల్లో రాని ఆదాయం, పైకప్పు లేని గోడలకు వస్తోంది. 2018లో 5 లక్షల మందికి పైగా వచ్చారు. లోపలికి వెళ్ళడానికి టికెట్ కొనాలి. ఈసారి గేటు దగ్గర కాపలా గట్టిదే. మందుపాతరకు ఎగిరిపడ్డ సింహద్వారం ముక్కలు, ఏనుగులు పడుకున్నట్టు, పడ్డచోటే ఉన్నాయి. మూడు వందల ఏళ్ళలో ఎవరూ ఎత్తుకుపోలేకపోయిన సామాను అవే.

అయితే వచ్చినవాళ్ళు వాటిని చూస్తారా? బురుజు ఎక్కి, కోటకు వీపు పెట్టి, సరస్సులో ఉందని జనం చెప్పుకునే రాక్షసి జంతువు తల ఎత్తుతుందేమోనని ఫోను పట్టుకుని నిలబడతారు. 1933 నుంచి దాన్ని చూశామని చెప్పినవాళ్ళకు లెక్క లేదు. ఆ నీళ్ళమీదే మూడు పడవల నిండా 12 ఈకల పరుపులు తేలిపోయిన రోజు గురించి మాత్రం ఎవరూ అడగరు.