తోడల్లుడి కారు

(విజయవాడ, సత్యనారాయణపురం. ఆదివారం ఉదయం. ఫిజిక్సు పాఠాలు చెప్పే అనసూయ కత్తిపీట ముందు కూర్చోబోతోంది. సుబ్బారావు పేపరు మడిచి వంటింట్లోకి వచ్చాడు.)

సుబ్బారావు: మన కారు అమ్మేస్తున్నాం అనసూయా. పెద్దది కొంటున్నాం.

అనసూయ: మీ తోడల్లుడు కొన్నాడనేగా?

సుబ్బారావు: ఛ, భద్రత కోసం! అతనిది రెండు టన్నులు. మనది టన్ను కూడా తూగదు.

అనసూయ: భద్రత సంగతి మా చెల్లెలి ఇంటి గేటు స్తంభాన్ని అడగండి. మొన్న వెనక్కి తీస్తూ పడగొట్టాడు.

సుబ్బారావు: స్తంభం పడింది. కారుకు గీతయినా పడిందా? అదే నేను చెప్పేది! ఇదిగో, ఈ గుమ్మడికాయ అతని కారు, ఈ నిమ్మకాయ మనది.

(బల్ల మీద రెండింటినీ ఎదురెదురుగా దొర్లించాడు. నిమ్మకాయ ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది.)

అనసూయ: ఇంతవరకూ నిజమే. రెండు వేల కిలోల కారు, వెయ్యి కిలోల కారు చెరో యాభై కిలోమీటర్ల వేగంతో గుద్దుకుని అతుక్కుపోయాయనుకోండి. రెండూ కలిసి పెద్ద కారు వెళ్లే వైపే దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. అంటే పెద్దదాని వేగంలో మార్పు 33, చిన్నదానికి 67. లోపలివాళ్ల ఒళ్లు హూనమయ్యేది ఆ మార్పుకే.

సుబ్బారావు: పాతికేళ్ల కాపురంలో మొదటిసారి నా మాట ఒప్పుకున్నావు!

అనసూయ: ఆగండి. ఆ నిమ్మకాయ తెచ్చి, రెండింటినీ బల్ల మీద నుంచి కిందికి తోయండి.

(నిమ్మకాయ మళ్లీ ఫ్రిజ్ కిందికే పోయింది. గుమ్మడికాయ మాత్రం రెండు చెక్కలైంది. గింజలు సుబ్బారావు పంచె మీద పడ్డాయి.)

అనసూయ: ఎదురుగా ఉన్నది గోడో వంతెన దిమ్మో అయితే బరువు అక్కరకు రాదు. బరువు రెట్టింపైతే, అదే వేగంలో నలిగి అరిగిపోవలసిన శక్తీ రెట్టింపే. కారు ముందుభాగం నలుగుతూ, మనం కూర్చునే చోటు చెక్కుచెదరకుండా ఉంటేనే బతుకుతాం.

సుబ్బారావు: ఆ కారుకు భారత్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో ఐదు నక్షత్రాలు వచ్చాయి!

అనసూయ: మంచిదే. కానీ 2023లో మొదలైన ఆ పరీక్షలో ముందువైపు గుద్దించేది గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, నలిగే దిమ్మెకు. లారీకి కాదు. గుంటూరు వెళ్లే దారిలో మూడు ఇరుసుల లారీ నిండుగా వస్తే 28 టన్నులు. దాని ముందు మీ రెండు టన్నులు ఏ మూలకు?

సుబ్బారావు: అయితే లారీయే కొంటాను.

అనసూయ: ఏలూరు రోడ్డులో అందరూ అలాగే ఒకరిని మించి ఒకరు కొంటే, ఫ్రిజ్ కిందికి పోయేది ఎవరు? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలవాళ్లే. మనవాడు కాలేజీకి వెళ్లేది స్కూటీ మీద.

సుబ్బారావు: (కాస్త తగ్గి) ఎత్తున కూర్చుంటే దారి బాగా కనిపిస్తుందిగా...

అనసూయ: దూరం కనిపిస్తుంది. బానెట్ ముందు నిలబడ్డ పసిపిల్ల కనిపించదు. పైగా అంత ఎత్తు బానెట్ తగిలేది కాళ్లకు కాదు, ఛాతీకి. అది సరే, నిన్న కారు తుడుస్తుంటే బెల్టు బిగించే గాడిలో ఇది దూర్చి ఉంది. ఏమిటిది?

సుబ్బారావు: అదా... సీసా మూత తీసేది.

అనసూయ: బెల్టు పెట్టుకోకపోయినా అలారం మోగకుండా దాని నోరు నొక్కే క్లిప్పు కాదూ? 2023లో కేంద్రం ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీయించినవి ఇవే. కొందరు వీటిని సీసా మూత తీసేవని చెప్పే అమ్మారు.

సుబ్బారావు: కాదు కాదు, ఇది నిజంగా మూతలు తీసేదే!

అనసూయ: ఓహో. అయితే కారులో ఏ సీసాలు తీస్తున్నారు?

సుబ్బారావు: ...సోడా.

అనసూయ: సోడాలో ఏం కలుపుకుంటున్నారు?

సుబ్బారావు: (చేతులు జోడించి) బెల్టే అనసూయా, బెల్టే! బెల్టు పెట్టుకోవడం లేదు, అంతే! ఒట్టు!