ఫిజీ పెళ్లి వస్త్రం: నమూనా కాదు, పనితనం నేర్చుకోండి

ఫిజీ సంప్రదాయ పెళ్లిలో వధూవరులు ఒంటికి చుట్టుకునే మాసి అనే బెరడు గుడ్డ మీద నలుపు, ఇటుకరంగు త్రిభుజాలు చూడగానే చిత్రకారులకు చెయ్యి ఊరుకోదు. ఫొటో తీసి, ఆ త్రిభుజాలనే కాన్వాస్ మీదికి దించేస్తారు. అలా దించినవి చాలావరకు నిర్జీవంగానే మిగులుతాయి. ఆ నమూనాకు బలం ఇచ్చింది దాన్ని చేసే పద్ధతి.

మాసి నేసిన బట్ట కాదు, పేపర్ మల్బరీ అనే మొక్క లోపలి బెరడు. మొక్క ఎదుగుతుండగానే పక్క కొమ్మలు తుంచేస్తారు. తుంచకపోతే కణుపు ఉన్నచోటల్లా గుడ్డకు చిల్లి పడుతుంది. ఏడాది, ఏడాదిన్నరకు నరికి, బెరడు ఒలిచి, పైతొక్క గీకేసి, నారను నానబెట్టి చెక్క దిమ్మె మీద కొయ్య సుత్తితో బాదుతారు. పట్టీ ఎన్నో రెట్లు వెడల్పవుతుంది. రెండు పట్టీలు కలిపి బాదితే నారలు పెనవేసుకుంటాయి. సన్నబడ్డ చోటే మళ్లీ బాదితే చిరుగుతుంది, అక్కడ మాసి ముక్కనే గంజితో అతికిస్తారు. పుట్టుకతోనే అతుకులున్న ఈ నేల మీదే అచ్చులు పడతాయి.

ఫిజీలోని వాతులేలె, మోదే దీవుల మహిళలు ఈ పనికి పేరుపొందారు. అచ్చులు, అంటే ఆకారం కోసి తీసిన స్టెన్సిళ్లు, ఒకప్పుడు ఆకులతో కత్తిరించేవారు, ఇప్పుడు పాత ఎక్స్‌రే ఫిల్ములూ వాడుతున్నారు. ఒకే చిన్న ఆకారాన్ని తిప్పి తిప్పి అద్దుతూ వెడల్పాటి అంచు కడతారు. మీరు ప్రయత్నించేటప్పుడు రంగు చిక్కగా కలపండి. పలచనైతే అచ్చు కిందికి పాకి అంచు చెదిరిపోతుంది. గుడ్డ ఉండకు కొద్దిగానే పట్టించి, నిలువుగా అద్దండి. ఒక అచ్చు ఆరాకే పక్కది పెట్టండి.

పొరుగున టోంగాలో పెళ్లి కానుకగా ఇచ్చే బెరడు గుడ్డ న్గాటుది వేరే దారి. అక్కడ ఉబ్బెత్తు నమూనా ఉన్న పలక మీద గుడ్డ పరిచి, పైనుంచి రంగు రుద్దుతారు. గీత ఫిజీ అచ్చులా పదునుగా కాక మసకగా, మెత్తగా వస్తుంది. ఈ రెండు గీతల తేడా పట్టుకున్న కళాకారుడికి సొంత ఆకారాలు వాటంతటవే దొరుకుతాయని నా నమ్మకం.

నమూనాలనే తీసుకుంటే హక్కుల ప్రశ్న ఎదురవుతుంది. 2013లో ఎయిర్ పసిఫిక్ విమాన సంస్థ ఫిజీ ఎయిర్‌వేస్‌గా మారినప్పుడు 15 మాసి నమూనాలకు ట్రేడ్‌మార్క్ కోరింది. తరతరాల ఉమ్మడి సొత్తు ఒక సంస్థ పేరిట ఎలా వెళ్తుందని ఫిజీలో నిరసన రేగింది. అది న్యాయమైన నిరసన. అచ్చంగా ఆ నమూనాయే కావాలనుకుంటే ఆ దీవి కళాకారిణికే పని అప్పగించండి, డబ్బు చెల్లించండి, ఆమె పేరు వేయండి.