మహారాజశ్రీ తెల్లవారుజాము నాలుగు గంటల గారికి

మల్కాజిగిరి నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా కులాసా. నేను మాత్రం ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల మీద కులాసా. మీరక్కడ చల్లగా ఉండే ఉంటారు, మీ జోలికి వచ్చేవాళ్లెవరని!

మనకు ముఖపరిచయం లేదు. అయినా మీ పేరు నేను వాడుకున్నంతగా ఇంకెవరూ వాడుకుని ఉండరు. శ్రీశైలం వెళ్లినా, షిర్డీ వెళ్లినా, ఖమ్మంలో మేనమామ కూతురి పెళ్లికి వెళ్లినా, ముందురోజు రాత్రి పెరుగన్నం తిని చెయ్యి కడుక్కుంటూ నేననే మాట ఒక్కటే. "షార్ప్ నాలుగింటికి బయల్దేరిపోదాం. ఎండెక్కేలోపు సగం దూరం లాగేయొచ్చు." ఆ మాట అన్నాక ఒక తృప్తి వస్తుంది చూడండి, సగం దూరం అప్పుడే లాగేసినట్టుంటుంది. ఆ తృప్తితోనే పదకొండున్నర దాకా ఫోను చూస్తూ కూర్చుంటాను.

శ్రీశైలానికి ఏడున్నరకి బయల్దేరితే కొంపలేం మునిగిపోవు కాబట్టి ఇన్నేళ్లూ మన వ్యవహారం గుట్టుగా సాగింది. ఈసారి మునిగింది. మూడేళ్లుగా నా ఉద్యోగం నోయిడాలో. వేసవి సెలవులకి అమ్మనీ నాన్ననీ కూడా వెంటబెట్టుకుని హైదరాబాద్ రావాలి. రైలు టికెట్లు 60 రోజుల ముందు, ఉదయం ఎనిమిదింటికి తెరుస్తారు. ఆ రోజు నేను నిద్ర లేచింది ఎనిమిదీ ఇరవైకి. వెయిటింగ్ లిస్టు చూసి, ధైర్యంగా, "కారులో పోదాం" అన్నాను. ఎనిమిదింటికి లేవలేనివాడు నాలుగింటి భరోసాతో 1,600 కిలోమీటర్ల ప్రయాణం పెట్టుకున్నాడన్నమాట. అదీ రోహిణి కార్తెలో.

మీ గొప్పతనం నాకు తెలియక కాదు. రాత్రంతా చల్లారుతూ వచ్చిన నేల సూర్యోదయం వేళకి బాగా చల్లబడి ఉంటుందనీ, ప్రయాణానికి అదే మంచి సమయమనీ అందరికీ ఉపన్యాసం ఇచ్చాను. మే నెలాఖర్లో ఢిల్లీ వైపు సూర్యుడు 5:25కే లేస్తాడు, హైదరాబాద్ కన్నా పావుగంట ముందు. దిగేది మాత్రం మనకన్నా దాదాపు అరగంట ఆలస్యంగా. అంటే రోజుకి ముప్పావుగంట దాకా ఓవర్‌టైమ్. అమ్మ తన లెక్క తను చెప్పింది. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలుండేది బ్రాహ్మీ ముహూర్తం. లెక్కేస్తే 3:49 నుంచి 4:37. సరిగ్గా మీరుండే చోటే. దేవుడూ సైన్సూ ఒక్కమాట మీదున్న సందర్భం అది. లేవాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే.

మూడింటికి ఒకటి, మూడూ పదికి ఒకటి, మూడూ ఇరవైకి ఒకటి అలారం పెట్టాను. మూడూ మోగాయట. నేను లేచింది ఐదూ పదికి. కిందికి తొంగిచూస్తే పార్కింగ్‌లో మా కారులో లైటు వెలుగుతోంది. దొంగలనుకున్నాను. నాన్న! ముందు సీట్లో, బెల్టు పెట్టుకుని, భుజాన తువ్వాలు, ఒళ్లో పులిహోర స్టీలు డబ్బా. మూడున్నరకి వచ్చి కూర్చున్నాడట. ఆయన ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు డ్రైవరు. మీ పేరు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆయనకు మీరు డ్యూటీ టైము, అంతే. నేను అద్దం దగ్గరికి వెళితే, "ఏమిరా, పోదమా?" అన్నాడు. "ఐదు నిమిషాలు నాన్నా" అన్నాను.

ఆ ఐదు నిమిషాల్లో జరిగినవి: ఫ్రిజ్‌లో మిగిలిన పెరుగు పారేయడం పాపం కాబట్టి అందరూ తలా ఒక గ్లాసు మజ్జిగ తాగారు. మజ్జిగ తాగాక మా వాడు బాత్రూమ్‌లోకి వెళ్లి ఇరవై నిమిషాలు రాలేదు. గ్యాస్ కట్టేశామా లేదా అని మా ఆవిడ రెండుసార్లు వెనక్కి వెళ్లింది. తులసి కుండీ పక్కింటివాళ్లకి అప్పగించాం. మనం లేచిన శబ్దానికే వాళ్లు లేచారు కాబట్టి వాళ్లు టీ పెట్టారు. తాగకపోతే బాగుండదు. టైరు కింద నిమ్మకాయ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, సరిగ్గా ఏడూ ఇరవైకి తాళం తిప్పబోతుంటే పక్కింటాయన తుమ్మాడు.

అమ్మ దిగిపోయింది. ఒక నిమిషం కూర్చుని, మంచినీళ్లు తాగి లేవాలి కదా. ఆ నిమిషం పది నిమిషాలయ్యేసరికి ఏడున్నర. ఆ రోజు సోమవారం. రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది.

కాబట్టి మిమ్మల్ని నమ్ముకున్నవాళ్లం తొమ్మిదీ పదికి బయల్దేరాం. నాన్న అప్పటికి ఐదు గంటల నలభై నిమిషాలుగా బెల్టు పెట్టుకుని ఉన్నాడు. దిగలేదు. దిగితే డ్యూటీ దిగినట్టవుతుందేమో.

ఆగ్రా దాకా యమునా ఎక్స్‌ప్రెస్‌వే. 165 కిలోమీటర్ల కాంక్రీటు. వేసవి మధ్యాహ్నాల్లో ఆ కాంక్రీటు మీద టైర్లు పేలుతుంటాయి కాబట్టి మధ్యలో రెండుసార్లు ఆగి టైర్లను తడిమి చూశాం. చూస్తే ఏం తెలుస్తుందంటారా? చెయ్యి కాలుతుందని తెలుస్తుంది. ఆగ్రా నుంచి 44వ నంబర్ జాతీయ రహదారి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే ఆ రోడ్డే మన మేడ్చల్, కొంపల్లి మీదుగా వచ్చేది. దాని తిక్క ఏమిటంటే ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ రెండేసిసార్లు వస్తాయి. ఝాన్సీ దగ్గర మళ్లీ ఉత్తరప్రదేశ్ బోర్డు చూసి, "నాన్నా, వెనక్కి పోతున్నామా?" అని ఏడుపు మొహం పెట్టాడు మా వాడు.

ధోల్‌పూర్ దాటి చంబల్ వంతెన ఎక్కేసరికి ఒంటిగంటన్నర. మీరు నిద్రపోయే వేళ కాబట్టి ఆ లోకం సంగతి మీకు తెలియదు, చెబుతాను వినండి. థార్ ఎడారి వైపు నుంచి పొడిగాలి వీస్తుంది. దాన్ని అక్కడ లూ అంటారు. మన వడగాలికి పెద్దన్న. సిగరెట్టు తాగడానికి కాదు, ఒట్టి కుతూహలంతో అద్దం రెండు వేళ్ల మందం దించాను. పొయ్యి దగ్గర ఊదుగొట్టం అటుదిటు తిప్పి పెట్టుకున్నట్టు అయింది. మొహం మీద చెమట లేదు. పట్టేలోపే ఆరిపోతోంది, పట్టిన చోట ఉప్పు మిగులుతోంది. సీటు బెల్టు బకిల్ మా వాడి మోచేతికి వాత పెట్టింది. ఏసీ ఊదుతూనే ఉంది గానీ అది కూడా మాలాగే ప్రయాణికుడైపోయింది. డాష్‌బోర్డు 47 డిగ్రీలు చూపించింది. కాలే రోడ్డు మీద కారు మీటరు ఉన్నదానికన్నా కాస్త ఎక్కువే చెబుతుంది, నాలాగే. అయితే మైదానాల్లో 40 తాకి, మామూలుకన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగినా, లేదా నేరుగా 45 తాకినా వాతావరణ శాఖ వడగాడ్పు అని ప్రకటిస్తుంది. ఏ లెక్కన చూసినా మేము దాని నడిబొడ్డున ఉన్నాం. వంతెన కింద చంబల్, అటూ ఇటూ వానలు కోసేసిన మట్టి లోయలు. ఒకప్పుడు బందిపోట్లకు పేరుపడ్డ చోటు. ఆ ఎండలో బందిపోటు ఎదురైనా ముందు మంచినీళ్లే అడిగేవాడు.

మురైనా దాటాక ఒక దాబా దగ్గర ఆగాం. లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, ఒక్కటీ కదలడం లేదు. ఏదో సమ్మె అనుకున్నాను. నాన్న దిగి వంగి చూశాడు. ఒక్కో లారీ కింద తువ్వాలో దుప్పటో ఉయ్యాలలా కట్టుకుని డ్రైవర్లు నిద్రపోతున్నారు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు గానీ ఇవి అంతకు ముందువి, రంగు చూస్తేనే తెలుస్తోంది. మెలకువగా ఉన్న ఒకాయన్ని నాన్న మన హైదరాబాదీ హిందీలో, "కిత్నే బజే నిక్లే భాయ్?" అని అడిగాడు. రాత్రంతా నడిపి ఎండెక్కాక ఆపేశానన్నాడు. తర్వాత మా కారు వైపు చూసి, "దోపహర్ మే కౌన్ చల్తా హై?" అన్నాడు, మిట్టమధ్యాహ్నం ఎవరైనా బండి నడుపుతారా అని. నాన్న జవాబు చెప్పలేదు. నా వైపు కూడా చూడలేదు. చూస్తే బాగుండేది.

దాబాలో అమ్మ అన్నం అడిగితే రోటీ ఉందన్నారు. సంచిలోంచి కందిపొడి, ఆవకాయ సీసా బయటికి వచ్చాయి. తందూరీ రోటీలో ఆవకాయ పెట్టుకు తినడం అవమానమో వరమో నేనింకా తేల్చుకోలేదు. దాబా ఆయన ఎండ వైపు చెయ్యి చూపించి, "నౌతపా" అన్నాడు. సూర్యుడు రోహిణి నక్షత్రంలోకి వచ్చిన మొదటి తొమ్మిది రోజులట. అమ్మ మొహం వెలిగిపోయింది. "అయ్యో, మన రోహిణి కార్తే కదరా!" అంది. రోళ్లు పగలడం గురించి ఆయనకి తెలుగులో, చేతులతో చెప్పింది. ఆయన అర్థమైనట్టే తలూపి, పచ్చిమామిడి పన్నా ఇంకో గ్లాసు ఇచ్చాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.

ఆ రాత్రి మధ్యప్రదేశ్‌లోని సాగర్ దాకా పోవాల్సినవాళ్లం ఝాన్సీలోనే పడిపోయాం. అక్కడా పడుకునేముందు మీ పేరు ఎత్తాను, అలవాటు. ఈసారి లేచాను కూడా! నాలుగున్నరకే కిందికి దిగాను. మా కారుకి అడ్డంగా పెళ్లివారి బస్సు. డ్రైవరు బరాత్‌లో పొద్దుపోయేదాకా ఆడి ఎక్కడ పడుకున్నాడో ఎవరికీ తెలియదు. మిమ్మల్ని కలుద్దామని వచ్చినవాణ్ణి ఒక పెళ్లికొడుకు ఆపేశాడని రాసుకోండి. నాన్న బెల్టు మాత్రం పెట్టుకునే ఉన్నాడు.

రెండో రోజు గురించి ఎక్కువ చెప్పను. బర్మాన్ దగ్గర నర్మద వస్తే అమ్మ రూపాయి వేసి దణ్ణం పెట్టింది. సివనీ నుంచి నాగ్‌పూర్ వచ్చే దారిలో పెంచ్ అడవి ఉంది. అక్కడ హైవేని ఎత్తు చేసి, జంతువులు కింద నుంచి దాటేలా దారులు వదిలారు. కెమెరాలు పెట్టి చూస్తే పులులూ అందులోంచి నడిచాయి. ఎండపూట పులి కూడా నీడన పడుకుని, చల్లబడ్డాకే అడుగు బయటపెడుతుంది. ఆ 44వ నంబర్ రోడ్డు మీద లారీ డ్రైవర్ల నుంచి పులుల దాకా అందరికీ టైము తెలుసు.

నాగ్‌పూర్‌లో నేను పడిపోయాను. తల తిరుగుడు, వాంతులు, కాళ్లు పట్టేయడం. పక్కనే ఉన్న డాక్టరు ఒక సెలైన్ పెట్టి, "పన్నెండు నుంచి మూడు మధ్య అసలు బయట తిరగొద్దని ఎప్పుడూ వినలేదా?" అని అడిగాడు. విన్నాను. నేనే అందరికీ చెబుతుంటాను.

అప్పుడు మా ఆవిడ తాళాలు తీసుకుంది. "సాయంత్రం ఆరింటికి బయల్దేరదాం మామయ్యా" అని నాతో కాదు, నాన్నతో చెప్పింది. సరిగ్గా ఆరింటికి బండి కదిలింది. ఎవరూ తుమ్మలేదు. తుమ్మినా ఆగేలా లేదు ఆవిడ. నన్ను వెనక సీట్లో కొబ్బరిబోండాం పక్కన పడేశారు. ముందు సీట్లో మామాకోడళ్లు టర్నింగుల గురించీ, డిప్పర్ల గురించీ, లారీ ఇండికేటరు వేస్తే దారి ఇస్తున్నాడా తిరుగుతున్నాడా అన్నదాని గురించీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ముప్పై రెండేళ్ల సర్వీసు ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడు అడిగాను కనుక.

పెన్‌గంగ దాటాక తెలుగు బోర్డులు మొదలయ్యాయి. ఆదిలాబాద్ దగ్గర టీ కొట్టాయన, "ఎక్కడికెళ్లి వస్తున్రు?" అన్నాడు. ఢిల్లీ అంటే, "ఎండల్నా?" అని రెండు గ్లాసులు ఎక్కువ పోశాడు. నిర్మల్ ఘాట్ దిగుతుంటే అద్దాలు దించారు. సోన్ దగ్గర గోదావరి మీద అమ్మ నిద్రలోనే చెయ్యి ఎత్తి దణ్ణం పెట్టింది. ఆర్మూరు, కామారెడ్డి, మధ్యమధ్య టీలు, మా వాడి బాత్రూములు. మేడ్చల్ దాటి సుచిత్ర దగ్గర నాన్న, "ఇక్కడ ఆపమ్మా, ఛాయ తాగుదాం" అన్నాడు.

డాష్‌బోర్డు మీద 4:00.

మొదటిసారి మిమ్మల్ని చూశాను సార్. ఫుట్‌పాత్ మీద నలుగురు కుర్రాళ్లు పేపర్లు పరుచుకుని, జిల్లా ఎడిషన్ మెయిన్‌లో పెడుతూ ఒకే లయలో మడతలు వేస్తున్నారు. పాల వ్యాన్ ట్రేలు దింపి వెళ్లిపోయింది. రోడ్డు మీద నీళ్లు చల్లినట్టు చల్లగా ఉంది, ఎవరూ చల్లలేదు. ఒక సిటీ బస్సు లోపల లైట్లన్నీ వేసుకుని ఖాళీగా వచ్చింది. నాన్న గ్లాసు పట్టుకునే చెయ్యెత్తాడు. ఆ డ్రైవరు ఎవరో, ఈయనెవరో అతనికి తెలియదు, అయినా అతనూ చెయ్యెత్తాడు.

"ఫస్ట్ బస్సు," అన్నాడు నాన్న. "టైముకే ఉన్నడు."

ఇట్లు,
మీ పేరు చెప్పుకు బతికినవాడు.

తా.క.: వచ్చే నెల తిరుగు ప్రయాణం. నిన్న రాత్రి పెరుగన్నం తిని చెయ్యి కడుక్కుంటూ నోరు తెరిచాను. మా ఆవిడ ఓఆర్‌ఎస్ గ్లాసు చేతికిచ్చి, "తాగండి, మామయ్యా నేనూ టైము అనేసుకున్నాం" అంది. ఎన్నింటికో నాకింకా చెప్పలేదు.