ఫార్మాట్ కొట్టేద్దాం సార్!

తెలుగునాట కంప్యూటర్ వైద్యం ఎంత పురోగమించిందంటే, రోగ నిర్ధారణ అనే దశే అక్కర్లేకుండా పోయింది. అన్నిటికీ ఒకటే మందు: ఫార్మాట్, అంటే లోపలున్నది చెరిపేసి విండోస్ మళ్లీ ఎక్కించడం. యంత్రం నెమ్మదించిందా? ఫార్మాట్. ప్రింటర్ పలకడం లేదా? ఫార్మాట్. స్పీకర్ గరగరలాడుతోందా? దానికీ ఫార్మాటే. మా వీధి చివరి దుకాణంలో కుర్రాడు మొన్న ఇంకో మెట్టు ఎక్కాడు. నా భుజాన ఉన్న ల్యాప్‌టాప్ సంచి చూడగానే, "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, కొత్తదైపోతుంది" అన్నాడు. నేను వెళ్లింది ఛార్జర్ కొనడానికి.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడాన్ని మన పెద్దలు మూర్ఖత్వం కింద జమకట్టారు. దాన్నొక సేవగా అమ్మి డబ్బు తీసుకోవచ్చని పాపం వాళ్లకు తోచలేదు.

మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే గుండ్రటి బిళ్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే, ప్లగ్గు తీసిన ప్రతిసారీ కంప్యూటర్ తేదీ మరిచిపోయి ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. తేదీ తప్పితే వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లవు, బ్యాంకు పేజీ తెరుచుకోదు. "వైరస్ సార్" అంటాడు మన ధన్వంతరి. ఫార్మాట్ అవుతుంది. ఇంటికి తెచ్చి ప్లగ్గు పెడితే తేదీ మళ్లీ వెనక్కే. "గట్టి వైరస్ సార్." మళ్లీ ఫార్మాట్. బ్యాటరీ మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాదు. వచ్చినా, యాభై రూపాయల సరుకులో ఏం మిగులుతుంది?

ఇక విండోస్ 11 హోమ్ ఎక్కించే వేడుక చూసి తీరవలసిందే. ముందుగా స్వాగతం. ఏ దేశం? ఏ కీబోర్డు? రెండో కీబోర్డు కూడా కావాలా? (ఉన్న ఒక్కదానిలో స్పేస్ బార్ కుడి చివర నొక్కితేనే పడుతుంది.) తర్వాత, ఇంటర్నెట్‌కు కలపండి అంటుంది. వైఫై జాబితా ఖాళీ, ఎందుకంటే వైఫైని నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, లేదు. డ్రైవర్ ఎక్కడుంది? ఇంటర్నెట్‌లో. ఇంటర్నెట్ రావాలంటే? డ్రైవర్ కావాలి. ముందుకు వెళ్లే బటన్ బూడిదరంగులో మౌనవ్రతం పాటిస్తుంది. కుర్రాడు షిఫ్ట్, ఎఫ్10 నొక్కి నల్ల తెర తెరిచి ఏదో మంత్రం కొడతాడు. నిరుడు పలికిన మంత్రం ఈసారి పలకదు. చివరికి గృహస్థు ఫోన్‌కు కేబుల్ తగిలిస్తారు. ఆయన ఆనాటి డేటాలో సగం పొద్దున్నే శుభోదయం వీడియోలకు సమర్పితమై ఉంటుంది. మిగిలిన సగాన్ని అప్‌డేట్లు మింగుతుండగా, దయచేసి కంప్యూటర్ ఆపవద్దని తెర వేడుకుంటుంది. ఆ వేడుకోలు చేరవలసింది విద్యుత్తు సంస్థకు. అంకె ఎనభై ఏడు శాతానికి చేరాక ఫ్యాన్ ఆగుతుంది. యూపీఎస్ ఒక్క కీచుతో కన్నుమూస్తుంది. కరెంటు వచ్చాక కుర్రాడు గంభీరంగా ప్రకటిస్తాడు: "మళ్లీ ఫార్మాట్ కొట్టాలి సార్."

ఇంతవరకు నవ్వుకోవచ్చు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది. దుకాణాలకు పండుగ వచ్చింది. మా పక్క వీధిలో ఉండే విశ్రాంత తెలుగు మాస్టారి కంప్యూటర్‌కు ఏ జబ్బూ లేదు. "సపోర్టు అయిపోయింది అంకుల్, ఎలెవెన్ వేసేద్దాం" అన్నారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయని ఆయనకు ఒక్కరూ చెప్పలేదు. చెబితే బేరం పోదూ!

మాస్టారు జాగ్రత్తపరుడు. సీ డ్రైవ్ పోతుంది, డీ డ్రైవ్ ముట్టుకోం అని ఆ దుకాణం వాళ్లే గతంలో నేర్పిన పాఠం ప్రకారం అన్నీ డీలోనే పెట్టుకున్నారు. అయితే పాత పద్ధతిలో విభజించిన డిస్కు మీదికి విండోస్ 11 ఎక్కనంటుంది. డిస్కును ఎంబీఆర్ అనే ఆ పాత పద్ధతి నుంచి జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి. డేటా పోకుండా ఆ పని చేసే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం 2017 నుంచి విండోస్‌లోనే ఉంది. దానికీ షరతులున్నాయి, నిజమే. షరతులు చదవాలంటే ముందు దాని పేరు తెలియాలి కదా. కుర్రాడు సీ, డీ సహా డిస్కు విభాగాలన్నీ వరసగా ఎంచుకుని డిలీట్, డిలీట్, డిలీట్ నొక్కాడు.

డీ డ్రైవ్‌లో ఏమున్నాయి? ఊళ్లో ముసలమ్మల దగ్గర కూర్చుని రాసుకున్న దంపుళ్ల పాటలు, తిరగలి పాటలు. యూనికోడ్ రాకముందు నాటి ఫాంటులో ఆయన ఏళ్ల తరబడి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టినవి. పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఒక్క మాట, "ఇందులో ఏముంది అంకుల్?" అని ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా? చేతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి పట్టేది పది నిమిషాలు! ఎవడబ్బ సొమ్మని చెరిపేశారు?

విభాగాలు తీసేసినంత మాత్రాన డిస్కులోని సమాచారం వెంటనే మాయం కాదు. అక్కడితో ఆపేసి ఉంటే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొంతైనా తిరిగి దొరికేది. ఆపలేదు. మాస్టారు పెద్దాయన, కాలక్షేపానికి ఉంటాయని కొత్త సినిమాలతో డిస్కు నిండుగా నింపి, ఉచిత కానుకగా ఇచ్చి పంపారు. తిరగలి పాటల మీద ఐటెం సాంగులు. బ్యాకప్ మాటెత్తితే, "మీరు చెప్పలేదు కదా అంకుల్, దానికి ఛార్జీ వేరే" అన్నారట.

నిన్న మాస్టారు ఫోన్ చేశారు. దుకాణం వాళ్లు ఒక ఉపాయం చెప్పారట, మంచిదేనా అని అడిగారు. ఇంకోసారి ఫార్మాట్ కొడితే పాత ఫైళ్లు పైకి తేలే అవకాశం ఉందట. మాస్టారు కాబట్టి సగం ధరకే చేస్తారట.