మన ఇంటి విలన్

ఆదివారం తెల్లవారుజామున కోట శ్రీనివాసరావు ఇక లేరన్న కబురు వచ్చినప్పుడు మా డెస్క్‌లో ఎవరూ వెంటనే వార్త రాయలేదు. ముందు ఇంట్లోవాళ్లను కనుక్కోండి అన్నారు. ఆ జాగ్రత్తకు కారణం ఉంది. 2023లో ఉగాదికి ముందురోజు ఆయన పోయారని సోషల్ మీడియాలో ఎవరో రాసేస్తే, చూస్తుండగానే అది ఊరూవాడా పాకింది. పొద్దున్నుంచి మోగుతున్న ఫోన్లకు జవాబు చెప్పలేక చివరికి ఆయనే వీడియోలో కనిపించారు. తెల్లారితే పండగ, ఏం చేసుకుందామా అని ఆలోచిస్తుంటే ఈ గొడవేమిటని వాపోయారు. జనం తోసుకొస్తారేమోనని ఇంటికి పోలీసులు కూడా వచ్చారట. తన చావు వార్తను తానే ఖండించుకుంటున్నప్పుడు కూడా మాటను ఎక్కడ ఆపాలో, ఎక్కడ విరవాలో ఆయనకు లెక్క తప్పలేదు. చూసినవాళ్లు నవ్వుకున్నారు. వార్తలు రాసే పనిలో ఉన్న మేం మాత్రం సిగ్గుపడ్డాం.

ఈసారి కబురు నిజమే. 2025 జూలై 13న హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లోని ఇంట్లో కోట కన్నుమూశారు. 83 ఏళ్లు నిండి మూడు రోజులే అయింది. కొంతకాలంగా ఆరోగ్యం బాగాలేదు. నెల కిందట బయటికొచ్చిన ఫొటోలో చిక్కిపోయిన ఆ మనిషిని చూసి చాలామంది మనసు చివుక్కుమంది. కాబట్టి ఇది ఎవరూ ఊహించని వార్త కాదు. అయినా ఆదివారం పొద్దున చాలా ఇళ్లలో కాఫీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

హీరో పోతే అభిమాన సంఘాలు కదులుతాయి. కోటకు అలాంటి సంఘాలున్నట్టు మేం ఎప్పుడూ వినలేదు. నలభై ఏళ్లపాటు ఆయన తెరమీద లంచాలు మింగారు, భూములు కాజేశారు, పెళ్లిళ్లు చెడగొట్టారు, ఆఖరి రీలులో హీరో చేతిలో చావుదెబ్బలు తిన్నారు. మరి ఆ మనిషి పోతే సొంత బాబాయి పోయినట్టు ఎందుకుంది? ఆయన చేసిన దుర్మార్గుడు ఎక్కడినుంచో ఊడిపడినవాడు కాదు కాబట్టి. పంచాయతీ అరుగు మీద, తాసిల్దారు ఆఫీసు వరండాలో, పెళ్లి పందిట్లో మనకు రోజూ తగిలేవాడే. వాడి మాట మన మాట. ‘నాకేంటి?’ అని అరచెయ్యి రుద్దుకుంటూ అడిగేవాడు మన వీధిలో లేడని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా?

కృష్ణా జిల్లా కంకిపాడులో 1942లో పుట్టారు. తండ్రి డాక్టరు. కొడుకు స్టేట్ బ్యాంకు ఉద్యోగంలో చేరి, నాటకాలు మాత్రం వదల్లేదు. 1978లో ‘ప్రాణం ఖరీదు’తో మొదటిసారి తెరమీద కనిపించేనాటికి ఆయనకు 36 ఏళ్లు. చిరంజీవి ప్రేక్షకులకు మొదటిసారి కనిపించిందీ అదే సినిమాలో. కుర్రాడైన చిరంజీవి ఒకటి రెండేళ్లలోనే దూసుకుపోయారు. కోటకు గుర్తింపు రావడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. 1985లో టి. కృష్ణ ‘ప్రతిఘటన’ వచ్చేనాటికి ఆయనకు నలభై దాటాయి. ఇప్పుడు ఆ వయసులో కొత్త నటుడు సినిమా ఆఫీసుకు వస్తే వాచ్‌మన్ గేటు దాటనిస్తాడా అన్నది మా అనుమానం.

‘ప్రతిఘటన’లో మంత్రి కాశయ్యది తెలంగాణ యాస. ‘నమస్తే తమ్మీ’ అంటూ ఆయన నవ్వే నవ్వుకు హాలంతా ఒళ్లు జలదరించేది, పగలబడి నవ్వేది కూడా. పదమూడేళ్ల తర్వాత ‘గణేష్’లోనూ అదే యాసతో భయపెట్టారు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. తెలుగు సినిమా చాలాకాలం హీరోకు కృష్ణా, గోదావరి జిల్లాల మాటనిచ్చి, దొంగలకూ రౌడీలకూ పనివాళ్లకూ మిగతా ప్రాంతాల మాట పంచిపెట్టింది. తన ఇంట్లో అమ్మ మాట్లాడే మాటను తెరమీద విలన్ నోటనే విన్న తెలంగాణ పిల్లవాడికి కలిగిన బాధ చిన్నది కాదు. ఆ లెక్క రాసింది కోట కాదు. కానీ ఆ లెక్కలో ఆయన నటన కూడా ఉంది. ఆయన్ని పొగిడే రోజున ఈ సంగతి పక్కన పెట్టడం మాకు ఇష్టం లేదు. అదే సమయంలో ఇంకొకటి కూడా నిజం. యాస అంటే నాలుగు దీర్ఘాలు సాగదీయడమే అనుకునే రోజుల్లో ఆయన దాన్ని వెక్కిరించలేదు. పుట్టినప్పటినుంచీ అదే మాట్లాడుతున్నవాడిలా, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలిసినవాడిలా పలికారు. వేషానికి తగ్గట్టు కోస్తా మాటనూ అంతే సొంతంగా వాడారు.

750కి పైగా సినిమాలు. అన్నీ మంచివి కావు. కొన్నిటిలో పనిమనిషిని తన్నడం, బాబూమోహన్‌ను తన్నడం తప్ప ఆయనకు దర్శకులు ఇచ్చిన పనేమీ లేదు. ఆ తన్నులకు కూడా జనం టికెట్ కొన్నారంటే అది ఆ ఇద్దరి గొప్పతనం. 9 నందులు వచ్చాయి. కొన్ని విలన్‌గా, కొన్ని క్యారెక్టర్ నటుడిగా. 2015లో పద్మశ్రీ వచ్చింది. 1999లో విజయవాడ తూర్పు నుంచి బీజేపీ టికెట్ మీద ఎమ్మెల్యే అయ్యారు, మళ్లీ అటు పోలేదు. తెరమీద అన్నిసార్లు రాజకీయ నాయకుడై, నిజం రాజకీయంలో ఒక్క టర్మ్‌తో సరిపెట్టుకున్నారు. 2010లో కొడుకు ప్రసాద్ రోడ్డు ప్రమాదంలో పోయారు. ఆ తర్వాత కూడా షూటింగులకు వెళ్లారు, నవ్వించారు. ఎలా వెళ్లారో మనకు అందే సంగతి కాదు.

‘ఆ నలుగురు’లో ఆయన వేసిన కోటయ్య వడ్డీ వ్యాపారి, పైసాకు గింజుకునేవాడు. పక్కవాడి చావు దగ్గర వాడు కదిలిపోతాడు. పిసినారి ఏడుపు రాయడం సులువు, చెయ్యడం కష్టం. కొంచెం ఎక్కువైతే జనం నవ్వుతారు, తక్కువైతే నమ్మరు. కోట ఏడుస్తుంటే హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఆ సినిమాలో చనిపోయే పెద్దమనిషి పత్రికా సంపాదకుడు కాబట్టి మాకు ఆ సీన్ మరీ దగ్గరిది.

బయటి రాష్ట్రాల నుంచి నటుల్ని దింపుకోవడం మీద కోట బాహాటంగానే మండిపడేవారు. చాలామందికి ఆ మాటలు నచ్చలేదు. ‘ఆయన మాత్రం తమిళం, హిందీ చెయ్యలేదా?’ అన్నారు వాళ్లు. చేశారు. 2003లో ‘సామి’లో చేసిన పెరుమాళ్ పిచ్చైని తమిళులు ఇప్పటికీ తలుచుకుంటారు. కళకు సరిహద్దులు గీయమని మేమూ అనం. ప్రకాశ్‌రాజ్ కన్నడ నేల నుంచే వచ్చి, తెలుగు నేర్చుకుని, సొంత గొంతుతో మనవాడయ్యారు. మా గొడవ వేరు. కండలు చూసి విలన్‌ను తెస్తారు. వాడు కెమెరా ముందు పెదాలు కదిపి విమానం ఎక్కుతాడు. తర్వాత చీకటి గదిలో ఇంకెవరో వాడి తిట్లు తిడతారు. తిట్టేవాడికి తిట్టు అర్థం తెలియకపోతే చూసేవాడికి కోపం ఎక్కడినుంచి వస్తుంది? మరోపక్క జిల్లాల్లో పరిషత్తు నాటకాలు ఆడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఉద్యోగం అయ్యాక రిహార్సల్‌కు వెళ్లి, మర్నాడు నిద్రకళ్లతో డ్యూటీకి వచ్చేవాళ్లు. కోట వచ్చింది ఆ దారిలోనే. నిర్మాతల మండలి సంతాప సభ పెడుతుంది, పూలదండలు వేస్తుంది. ఆ సభకు వచ్చిన దర్శకుల్లో ఒక్కరు ఈ ఏడాది ఒక్క నాటక పోటీకి వెళ్లి ఆఖరి వరసలో కూర్చున్నా మాకు సంతోషమే.

ఆదివారం టీవీ ఛానళ్లన్నీ ‘అహ నా పెళ్లంట’నే ఆశ్రయించాయి. 1987లో జంధ్యాల తీసిన ఆ సీన్ తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. పైనుంచి కోడిని వేలాడదీసి, దాన్నే చూస్తూ లక్ష్మీపతి వట్టి అన్నం కలుపుకుంటాడు. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒకసారి తలెత్తుతాడు. మింగుతున్నప్పుడు కళ్లు సగం మూతపడతాయి. మసాలా ఘాటు కూడా తెలిసినట్టు ఉంటుంది ఆ మొహంలో. మా ఆఫీసు టీవీలో అది వస్తున్నప్పుడు కింద నల్లపట్టీలో జనన మరణ సంవత్సరాలు పోతున్నాయి. సంతాప వార్త దిద్దుతున్న సబ్ ఎడిటర్ తలెత్తి చూసి ఫక్కున నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు.