రంగు ఎక్కడ లేచిపోతుందో తెలిసినవాళ్లు

సినిమాల్లో చూసిన హెల్మెట్‌నో ఆయుధాన్నో ఇంట్లో తయారు చేసుకునేవాళ్లు ఫోమ్ షీట్లు కోసి, హీట్ గన్‌తో వేడి చేసి వంచి, అతికించి నల్లరంగు వేస్తారు. నాకు ఆసక్తి కలిగించేది ఆ తర్వాతి పని. బ్రష్‌ని వెండి రంగులో ముంచి, అంటిన రంగంతా దాదాపుగా గుడ్డకి తుడిచేసి, మిగిలిన ఆ కాస్తతో అంచుల మీద మాత్రం అలా అలా రాస్తారు. అంతే, ఫోమ్ ముక్క ఇనుములా కనిపిస్తుంది. నిజమైన లోహపు వస్తువు మీద పెయింట్ ముందుగా లేచేది అంచుల దగ్గర, తర్వాత బొటనవేలు ఆనే చోట. అంటే దాన్ని ఎవరు ఎలా పట్టుకుని వాడి ఉంటారో ముందే ఊహించాలి. ఇందులో రంగులు వేయడం ఎంత ఉందో, చేతిని అర్థం చేసుకోవడం అంతకన్నా ఎక్కువ ఉంది.

కంప్యూటర్‌తో పని చేయడానికి కొత్త కొత్త నాబ్‌లు, మీటలు, లీవర్లు సొంతంగా తయారు చేసుకునే మేకర్లకి కావాల్సింది కూడా సరిగ్గా ఈ ఊహే. అందుకే ఈ రెండింటినీ వేర్వేరు హాబీలుగా చూడడం నాకు సరిగా అనిపించదు.

1964లో అమెరికన్ కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకి ఆయన సహచర ఇంజనీర్ బిల్ ఇంగ్లిష్ రూపమిచ్చిన మొదటి మౌస్ ఒక చెక్కపెట్టె. అడుగున ఒకదానికొకటి లంబంగా అమర్చిన రెండు చక్రాలు, పైన ఒకే ఒక్క బటన్. చూస్తే ఇంట్లో చేసిన బొమ్మలాగే ఉంటుంది. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రదర్శనలో ఎంగెల్‌బార్ట్ కుడిచేత్తో మౌస్, ఎడమచేత్తో ఐదు మీటల కీసెట్ వాడాడు. మౌస్ ప్రపంచమంతా వ్యాపించింది. మీటల్ని కలిపి నొక్కి అక్షరాలు రాసే కీసెట్ మాత్రం నేర్చుకోవడం కష్టమని పక్కకి వెళ్లింది. అయినా ఆ పద్ధతి కీబోర్డులు చేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మార్కెట్ వదిలేసిన ప్రశ్నని వీళ్లు వదలలేదు, అది నాకు చాలా విలువైన విషయం.

ఈ రోజుల్లో ప్రయోగం సులువైంది. ఆర్డుయినో లియొనార్డో లాంటి, మనమే ప్రోగ్రాం రాసుకోగల చిన్న సర్క్యూట్ బోర్డులో తగిన ప్రోగ్రాం వేసి యూఎస్‌బీ కేబుల్‌తో తగిలిస్తే కంప్యూటర్ దాన్ని మామూలు కీబోర్డు అనుకుంటుంది. 2012లో వచ్చిన మేకీ మేకీ అనే బోర్డుతో అరటిపండు కూడా మీట అయింది. పండు గుండా వెళ్లే అతి చిన్న కరెంటుని కూడా ఆ బోర్డు పసిగడుతుంది. తాకగానే స్వరం మోగుతుంటే పిల్లల కళ్లు మెరుస్తాయి. కానీ మెల్లగా తాకినా గట్టిగా నొక్కినా అదే స్వరం. వేలికి తిరిగి జవాబేమీ రాదు. మొదటి పరిచయానికి ఇంతకంటే మంచిది లేదు, రోజూ వాడే పరికరానికి మాత్రం అది చాలదు.

ఆ జవాబు తయారు చేయడమే అసలు కష్టం. నేను మొదటిసారి ఒక బటన్‌ని బోర్డుకి కలిపినప్పుడు ఒక్కసారి నొక్కితే మూడు అక్షరాలు పడ్డాయి. వైరింగ్ తప్పేమోనని టెన్షన్ పడి అంతా విప్పాను. తప్పు వైర్లది కాదు. బటన్ లోపలి లోహపు రేకులు కలిసేటప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడతాయి. మన కంటికి ఒకటే నొక్కు, బోర్డుకి చాలా. ఆ కుదుపు అణిగేదాకా ఆగమని ప్రోగ్రాంలో రాయాలి. మరీ ఎక్కువసేపు ఆపితే వేగంగా నొక్కే చేతికి బటన్ బద్ధకంగా తోస్తుంది. ఎంత ఆపాలో వేలే చెప్పాలి.

ఇక్కడే ఒక ఫిర్యాదు. చాలా ప్రాజెక్టులు వీడియో కోసం ఒక్కసారి పని చేసి ఆగిపోతున్నాయి. లైట్లు వెలుగుతాయి, నాబ్ తిరుగుతుంది, వీడియో అయిపోతుంది. వందోసారి తిప్పినప్పుడు మణికట్టు నొప్పెట్టిందా, చూడకుండా చేయి పెడితే సరైన మీట తగిలిందా అన్నది ఎవరూ చెప్పరు. ఆరు నెలలు వాడిన తర్వాత అదే నాబ్‌ని దగ్గరగా తీసిన ఫొటో ఒకటి పెడితే బాగుంటుంది. రంగు ఎక్కడ లేచిందో, అసలు ముట్టుకోని మీట ఏదో అందులో కనిపిస్తుంది.