ఆమె మాటను మనమెందుకు నమ్మలేదు?

మనస్తత్వ సస్పెన్స్ నవల చదివేటప్పుడు హంతకుడెవరన్న ప్రశ్న కన్నా, కథ చెబుతున్న మనిషిని నమ్మాలా వద్దా అన్న ప్రశ్నే పాఠకుణ్ణి ఎక్కువగా పట్టి కూర్చోబెడుతుంది. ఆ మనిషి స్త్రీ అయి, ఆమెలో నలుగురూ వేలెత్తి చూపే లోపం ఉంటే, నవల ఆమెను పరీక్షిస్తున్నట్టు కనిపిస్తూనే చదివేవారిని పరీక్షిస్తుంది. 2015లో వచ్చిన పౌలా హాకిన్స్ నవల ‘ది గర్ల్ ఆన్ ది ట్రెయిన్’ను ఈ దృష్టితో చదవాలని నా అభిప్రాయం. ముగింపు చెప్పకుండా ఆ వాదన చేయడం సాధ్యం కాదు కనుక, ఇంకా చదవనివారు నవల ముగించి ఈ వ్యాసానికి రావడం మేలు.

నాయిక పేరు రేచల్. విడాకులైన మనిషి, పిల్లలు పుట్టలేదన్న దిగులు, దాని వెంబడే పట్టుకున్న తాగుడు. రోజూ ఉదయం 8.04 రైలెక్కి లండన్ వెళ్లి సాయంత్రానికి తిరిగివస్తుంది. సిగ్నల్ దగ్గర రైలు ఆగినప్పుడల్లా పట్టాల పక్కనున్న ఒక ఇంటిని చూస్తూ, అందులోని దంపతులకు తానే పేర్లు పెట్టి, వాళ్లది చక్కని కాపురమని ఊహించుకుంటుంది. అదే వీధిలో ఒకప్పుడు తాను కాపురం చేసిన ఇల్లుంది. ఇప్పుడక్కడ మాజీ భర్త టామ్, అతని రెండో భార్య ఆనా, వాళ్ల పసిబిడ్డ ఉంటున్నారు. కడప నుంచి గుంతకల్లు వైపు రైల్లో వెళ్లేవారికి ఈ చూపు కొత్త కాదు. ఎర్రగుంట్ల దగ్గరైనా, తాడిపత్రి దగ్గరైనా, రైలు మనకు చూపించేది ఇళ్ల వెనక భాగాన్నే: తీగ మీద ఆరేసిన బట్టలు, అంట్లు తోమే నాపరాతి బండ, గోడవారగా ఒంటరిగా కూర్చున్న ఎవరో ఒక మనిషి. పెరడు చూశాం కనుక ఇంటి గుట్టు తెలిసిపోయిందనుకుంటాం. రేచల్ ఆ దంపతుల విషయంలో చేసిన పొరపాటు అదే. రేచల్ విషయంలో మనం చేసేదీ అదే.

తాగే స్త్రీ మన పాఠకురాళ్లకు ఎలా దగ్గరవుతుందని కొందరు అడుగుతారు. కడపలో కొద్దిమంది పాఠకులం కూర్చుని ఈ నవల గురించి మాట్లాడుకున్నప్పుడు నాకు దానికి జవాబు దొరికింది. విమర్శకుడు రారా (రాచమల్లు రామచంద్రారెడ్డి) ‘సంవేదన’ సాహిత్య పత్రిక నడిపిన ఊళ్లో నేర కథను ఇంత పట్టించుకోవాలా అన్న సంశయం మొదట వినిపించిన మాట నిజమే. అప్పుడొక ఉపాధ్యాయురాలు, “ఆమె తాగుడు సంగతి నాకు తెలీదు గానీ సార్, పని పోయిందని ఇంట్లో చెప్పుకోలేకపోయిన కాడ మాత్రం నాకు ఏడుపొచ్చింది. మా నాయన గూడా అట్లే, పని పోయినాక కొన్నాళ్లు రోజూ క్యారేజీ పట్టుకోని పొయ్యొస్తా ఉండె” అన్నారు. రేచల్ ఉద్యోగం పోయి నెలలవుతుంది. ఇంట్లో చోటిచ్చిన స్నేహితురాలికి ఆ సంగతి చెప్పలేకనే ఆమె రోజూ రైలెక్కుతోంది. పరువు కోసం ఆడే అబద్ధం మనకు బాగా తెలిసిన అబద్ధం. దాని మీదుగానే ఆమె మనకు దగ్గరవుతుంది.

అయినా ఆమెను మనం నమ్మం. మత్తులో గడిచిన కొన్ని రాత్రులు రేచల్‌కు బొత్తిగా గుర్తుండవు. ఆ ఖాళీలను మర్నాడు టామ్ పూరిస్తూ వచ్చాడు. అరిచి గోల చేశావన్నాడు, నలుగురిలో పరువు తీశావన్నాడు, గోల్ఫ్ కర్ర ఎత్తి నా మీదికి వచ్చావన్నాడు. అందుకు రుజువుగా గోడకు పెచ్చు ఊడిన చోటు ఉండనే ఉంది. టామ్ చెప్పిందంతా రేచల్ నమ్మింది, ఆమెతో పాటు మనమూ నమ్మాం. అయితే ఆ రాత్రి నుంచి ఆమె ఒంట్లో మిగిలిపోయింది మాత్రం భయం. కర్ర ఎత్తిన మనిషికి కోపం ఉండాలి గానీ భయమెందుకుంటుంది? జరిగింది చెరిగిపోయినా దాని వెంట వచ్చిన భావం చెరగలేదని, ఆ భావానికీ తనకు చెప్పిన కథకూ పొంతన కుదరడం లేదని గమనించిన క్షణాన ఆమె తన కేసుకు తానే పరిశోధకురాలవుతుంది. నవల మొత్తంలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించే ఘట్టం ఇది.

ఇందులో శాస్త్రం పాలెంత? అతిగా తాగినప్పుడు మెదడులోని హిప్పోకాంపస్ కొత్త జ్ఞాపకాలను నమోదు చేయలేకపోతుంది. అసలు నమోదే కానిది తర్వాత గుర్తుకు రాదు. ముక్కలుగా నమోదైనవి మాత్రం ఏదైనా ఆనవాలు తగిలితే పైకి రావచ్చు. కనుక చివరి అధ్యాయాల్లో జ్ఞాపకాలు అంత వివరంగా, అంత సమయానికి తిరిగిరావడం కథకు కలిసొచ్చిన సౌకర్యమే. కానీ ఒకరు చెప్పిన మాట మరొకరి జ్ఞాపకంగా మారడానికి గట్టి ఆధారముంది. 1974లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదం ఫిల్మును విద్యార్థులకు చూపించి, కొందరిని కార్లు ‘తగిలినప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని, మరికొందరిని ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. వారం తర్వాత, పగిలిన అద్దం చూశారా అని అడిగితే మొదటి గుంపులో 50 మందికి 7గురు, రెండో గుంపులో 50 మందికి 16 మంది చూశామన్నారు. ఆ ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. పరాయివాళ్లు అడిగిన ఒక్క ప్రశ్నకే అంత బలముంటే, కట్టుకున్నవాడు మళ్లీ మళ్లీ చెప్పిన కథకు ఎంత బలముంటుందో ఊహించవచ్చు.

రైల్లోంచి రేచల్ చూసే ఆ దంపతుల్లో భార్య మేగన్ కనబడకుండాపోతుంది. ఆ విచారణలో పోలీసులకు రేచల్ మాట లెక్కలోనిది కాదు. లోపమున్న స్త్రీ మాటకు విలువ తగ్గించడం మన దగ్గర చట్టంలోనే ఉండేది. 1872 నాటి సాక్ష్య చట్టం 155వ సెక్షన్‌లోని నాలుగో క్లాజు, అత్యాచారం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ నడత మంచిది కాదని చూపి ఆమె సాక్ష్యాన్ని ప్రశ్నించే వీలు కల్పించింది. 2002 నాటి సవరణతో గానీ అది పోలేదు. క్లాజు పోయినా అలవాటు పోలేదు. భర్త మీద ఫిర్యాదు చేసిన కోడలి ఒంటి మీది దెబ్బల కన్నా ముందు, ఆమె ఫోనులో ఎవరితో మాట్లాడేదన్నదే ఇప్పటికీ మన ఇళ్లలో విచారణకు వస్తుంది.

ఈ నవలలో నాకు గౌరవం కలిగించిన సంగతి మరొకటుంది. రేచల్ తప్పులన్నీ టామ్ ఖాతాలో పడవు. కనబడకుండాపోయిన మేగన్‌కు స్నేహితురాలినని మేగన్ భర్తతో అబద్ధమాడింది రేచలే. వేళాపాళా లేకుండా ఫోన్లు చేసి ఆనాకు ఊపిరాడనివ్వకుండా చేసిందీ, ఒకసారి పసిబిడ్డను ఎత్తుకుని తోటలోకి నడిచిందీ ఆమే. అసలు సంగతి బయటపడ్డాక కూడా అవేవీ తుడిచిపెట్టుకుపోవు. ముఖ్యమైన విషయంలో ఆమె నిర్దోషి, చాలా చిన్న విషయాల్లో దోషి.

రచయిత్రి తడబడిందల్లా టామ్ దగ్గరే. చివరికి అతన్ని మేగన్ హంతకుడిగా, పుట్టు అబద్ధాలకోరుగా నిలబెట్టడంతో పాఠకుడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాడు. అంత దుర్మార్గుడి కథను ఎవరైనా నమ్మేవారేలే అని తనను తాను క్షమించుకుంటాడు. టామ్ హత్య చేయకుండా, భార్య మతిమరుపును తనకు అనుకూలంగా వాడుకున్న మామూలు భర్తగానే మిగిలి ఉంటే, మన తప్పు అంత సులువుగా మాఫీ అయ్యేది కాదు.

తెలుగులో కొమ్మూరి సాంబశివరావు నవలల్లోని యుగంధర్ లాంటి డిటెక్టివ్ బయటి నుంచి వచ్చి చిక్కుముడి విప్పేవాడు. అతని మాటను అనుమానించే అవసరం మనకు రాలేదు. అనుమానించదగిన స్త్రీయే ముడి విప్పే నవల ఇక్కడి నేల మీద పుడితే ఆమె తాగుబోతు కానక్కర్లేదు. ప్రొద్దుటూరులో ఇంట్లో తెలియకుండా చీటీలు కట్టి, మునిగి, అక్కచెల్లెళ్ల నగలు కుదువపెట్టి, అందరికీ తలా ఒక అబద్ధం చెప్పిన ఇల్లాలు చాలు. ఆమె అబద్ధాలన్నీ అబద్ధాలుగానే ఉండాలి, అప్పులవాళ్లు నిజంగానే వాకిట్లో కూర్చోవాలి, ఒక్క రాత్రి గురించి మాత్రం ఆమె చెప్పేది నిజం కావాలి. ఆ నవల చదవాలని నాకుంది.